ఇద్దరు, ఒక రోజు, నాలుగు డబ్బాలు: జంటగా జియోకాషింగ్‌కు వెళ్లే పద్ధతి

జియోకాషింగ్‌కు జంటగా ఎలా వెళ్లాలో చెప్పమని అడిగేవారిలో సగం మంది అప్పటికే ఒకసారి వెళ్లి, ఏమీ దొరక్క, దారిపొడవునా మాట్లాడుకోకుండా ఇల్లు చేరినవారే. మేమూ అలాగే మొదలుపెట్టాం. అందుకే ఈ మార్గదర్శిలో సగం వెతకడం గురించి, సగం వెతుకుతూ పోట్లాడుకోకుండా ఉండడం గురించి.

ఆట తెలియనివారికి రెండు మాటలు. ఎవరో ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను జియోకాషింగ్ డాట్ కామ్ అనే వెబ్‌సైటులో పెడతారు. మీరు ఫోనులోని జీపీఎస్ సాయంతో అక్కడికి వెళ్లి, డబ్బాను కనిపెట్టి, లోపలి కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి వస్తారు. దాచిన వస్తువును కాష్ అంటారు. ఆ మాట వింటే మన చెవికి డబ్బే గుర్తొస్తుంది కాబట్టి మా ఇంట్లో డబ్బా అంటాం. ఇక్కడా అదే వాడతాను.

మేముండేది అమెరికాలో, సియాటిల్ పక్కన. జియోకాషింగ్ డాట్ కామ్ ప్రధాన కార్యాలయం ఉన్నది సియాటిల్‌లోనే. ఉదాహరణలన్నీ ఇక్కడివే అయినా పద్ధతి డాలస్‌లో ఉన్నా లండన్‌లో ఉన్నా ఒకటే.

1. ఖాతా, పేరు, ఫోను

ఆ వెబ్‌సైటులో ఖాతా ఉచితం. ఉచిత ఖాతాకు వాళ్ల యాప్‌లో తేలికపాటి డబ్బాలే ఎక్కువగా తెరుచుకుంటాయి. మిగతావాటిలో చాలా వాటి వివరాలు వెబ్‌సైటులో దొరుకుతాయి. ప్రీమియం సభ్యత్వానికి మొదటి పది డబ్బాలు దొరికేదాకా రూపాయి కూడా కట్టవద్దు. ఈ ఆట కొందరికి రెండో ఆదివారానికే విసుగు పుడుతుంది.

ఇద్దరికీ రెండు ఖాతాలా, ఒకటేనా? మొదట ఒకటి చాలు. రెండు ఖాతాలుంటే లెక్కల పోటీ మొదలవుతుంది. పేరు మాత్రం చిన్నదిగా పెట్టుకోండి. నానో అనే చిటికెన వేలి కొనంత డబ్బాలో కాగితం సన్నటి రిబ్బనులా చుట్టి ఉంటుంది. దాని మీద ఇంటిపేరుతో సహా రాయాలంటే కుదరదు. మేము ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు రెండే రాస్తాం.

బయలుదేరే ముందురోజు ఫోనులో చూసుకోవలసినవి:

- యాప్‌కు ఖచ్చితమైన స్థానం చూసే అనుమతి ఇచ్చారా? సుమారు స్థానం మాత్రమే ఇస్తే ఆట జరగదు.
- దూరాలు అడుగుల్లో చూపిస్తుంటే మీటర్లకు మార్చారా?
- వెళ్లే ప్రాంతం మ్యాపు, డబ్బాల వివరాలు నెట్ లేకపోయినా తెరుచుకునేలా దింపుకున్నారా?
- దిక్సూచి సరిచేశారా? ఫోనును చేతిలో పట్టుకుని గాలిలో ఇంగ్లిషు ఎనిమిది అంకెలా నాలుగైదుసార్లు తిప్పితే సరిపోతుంది.

2. ఏ డబ్బాకు వెళ్లాలి?

రోజు బాగుండడమా, పాడవడమా అన్నది ఇంట్లో సోఫా మీద కూర్చుని డబ్బాలు ఎంచుకునేటప్పుడే సగం తేలిపోతుంది. ఇక్కడ అరగంట ఖర్చు పెట్టండి.

ప్రతి డబ్బాకూ రెండు అంకెలు ఉంటాయి. డిఫికల్టీ అంటే కనిపెట్టడంలోని కష్టం. టెరైన్ అంటే అక్కడికి చేరడంలోని కష్టం. రెండూ ఒకటి నుంచి ఐదు దాకా, అరేసి మెట్టుగా పెరుగుతాయి. టెరైన్ ఒకటి అయితే చక్రాల కుర్చీలో ఉన్నవారూ చేరగలగాలి. ఐదు అయితే పడవో, తాళ్లో, మరో ప్రత్యేక సరంజామానో కావాలి. కొత్త జంటలు ఈ రెండో అంకెను చూడకుండా చెప్పులతో కొండెక్కుతారు.

తరువాత పరిమాణం. మైక్రో అంటే వంద మిల్లీలీటర్ల లోపు, పాత కెమెరా రీలు డబ్బీ అంత. స్మాల్ అంటే లీటరు దాకా, టిఫిన్ డబ్బా అనుకోండి. రెగ్యులర్ అంటే లీటరు నుంచి ఇరవై లీటర్ల వరకు. వీటిలో తూటాలు దాచే పాత సైనిక ఇనుప పెట్టెలు ఎక్కువ. మొదటి మూడు ప్రయాణాల్లో మైక్రోలను వదిలేయండి. తేలిక అంకె వేసి ఉన్నా, ఆకుల మధ్య బొటనవేలంత డబ్బీని వెతకడం కొత్తవారికి తేలిక కాదు. దొరికినా లోపల కాగితం తప్ప ఏమీ ఉండదు.

రకాల్లో ట్రెడిషనల్ ఎంచుకోండి: ఇచ్చిన చోటే డబ్బా ఉంటుంది. మల్టీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఆనవాళ్లు పట్టుకుని వెళ్లాలి. మిస్టరీలో ముందు ఇంట్లో పజిలు విప్పితేగాని అసలు స్థానం తెలియదు. వానాకాలం సాయంత్రాలకు బాగుంటుంది. ఎర్త్‌కాష్‌లో డబ్బా ఉండదు. ఒక రాయినో జలపాతాన్నో చూసి ప్రశ్నలకు జవాబులు పంపాలి. జాతీయ ఉద్యానవనాల్లో మామూలుగా డబ్బాలు పెట్టనివ్వరు కాబట్టి అక్కడ ఇవే దిక్కు.

అన్నిటికన్నా ముఖ్యం, వెళ్లినవారు యాప్‌లో రాసిన చివరి నాలుగు నమోదులు చదవడం. పసుపు నవ్వుముఖం అంటే దొరికింది. నీలం ఏడుపుముఖం అంటే దొరకలేదు. నీలాలు వరసగా రెండు మూడు ఉంటే డబ్బా అక్కడ లేదన్నమాటే. మీరు వెళ్లి నిరూపించనక్కర్లేదు.

మొదటి ప్రయాణానికి ఎంపిక పట్టీ:

- ట్రెడిషనల్ రకం, స్మాల్ లేదా రెగ్యులర్ పరిమాణం.
- రెండు అంకెలూ రెండుకు మించకూడదు.
- గత నెల రోజుల్లో ఎవరికో ఒకరికి దొరికి ఉండాలి.
- ఫేవరెట్ పాయింట్లు, అంటే నచ్చినవారు ఇచ్చే మెచ్చుకోలు పాయింట్లు, ఉంటే మరీ మంచిది. ప్రీమియం సభ్యులకు ప్రతి పది డబ్బాలు కనిపెట్టినందుకు ఒక్క పాయింటు ఇచ్చే హక్కు వస్తుంది కాబట్టి జనం వాటిని ఊరికే పంచరు.
- డబ్బా లేకపోయినా చూడదగ్గ చోటు అయి ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఏమీ దొరకని రోజు కూడా రోజే.

3. రోజును ఎలా అల్లుకోవాలి?

నాలుగు డబ్బాలు చాలు. రెండు తప్పకుండా వెతకవలసినవి, రెండు సమయం ఉంటే చూసేవి. ఇరవై పెట్టుకుంటే అది విహారం కాదు, సరుకుల పంపిణీ.

అనుభవంలో తేలిన క్రమం ఇది. తేలికైనది మొదట పెట్టండి. ఉదయాన్నే ఒకటి దొరికితే ఇద్దరి ముఖాలూ వెలుగుతాయి. కష్టమైనది రెండోది, భోజనానికి ముందు. ఆకలి మొదలయ్యాక కొత్త డబ్బాకు వెళ్లవద్దు. భోజనం తరువాత మళ్లీ తేలికవి.

ఒక్కో డబ్బా దగ్గర వెతకడానికి ఇరవై నిమిషాల హద్దు పెట్టుకోండి. ఆ హద్దును ఇంట్లోనే ఒప్పుకోవాలి, అక్కడ కాదు. అక్కడికి వెళ్లాక ఒకరికి ఇంకో ఐదు నిమిషాలు కావాలనిపిస్తుంది, రెండోవారికి కాళ్లు నొప్పి పుడతాయి.

తిరుగు ప్రయాణం వేళ కూడా ముందే అనుకోవాలి. సియాటిల్‌లో జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక పొద్దుగుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకముందే. చెట్ల కింద అంతకన్నా అరగంట ముందే చీకటి పడుతుంది.

పార్కింగ్ అనుమతి చూసుకోండి. వాషింగ్టన్ రాష్ట్ర పార్కుల్లో కారు నిలపాలంటే డిస్కవర్ పాస్ కావాలి. బాత్రూము ఎక్కడుందో కూడా మ్యాపులో గుర్తు పెట్టుకోండి. ఈ సలహా మగవారు రాసిన ఏ గైడులోనూ నాకు కనిపించలేదు.

భోజనానికి పులిహోరను మించింది లేదు. వేడి చేయనక్కర్లేదు, మధ్యాహ్నానికి ఇంకా రుచి పట్టుకుంటుంది. పెరుగన్నం ఎండలో నిలిపిన కారులో పులిసిపోతుంది.

4. సంచిలో ఏముండాలి?

- పెన్ను, దానితోపాటు పెన్సిలు. తడి కాగితం మీద బాల్ పెన్ను రాయదు, పెన్సిలు రాస్తుంది. మైక్రోల్లో పెన్ను ఉండదు.
- చిన్న పట్కారు (ట్వీజర్). సన్నటి డబ్బీలోంచి చుట్టిన కాగితాన్ని గోళ్లతో లాగితే చిరుగుతుంది.
- తోట పని చేతితొడుగులు రెండు జతలు. ఇక్కడి దారుల్లో బ్లాక్‌బెర్రీ ముళ్లు, ముట్టుకుంటే మండే నెటిల్ మొక్కలు ఎక్కువ.
- చిన్న టార్చి, చేతి అద్దం. బెంచీ అడుగున చూడటానికి పడుకోనక్కర్లేదు.
- ఫోను చార్జ్ చేసే బ్యాటరీ, తీగ. ఈ ఆట ఫోను చార్జిని తినేస్తుంది.
- కాగితపు తువ్వాలు, జిప్ సంచులు, కొన్ని తెల్లకాగితాలు. తడిసిన డబ్బాను తుడిచి పెడితే దాచినవారు మీకు రుణపడతారు.
- మంచినీళ్లు, వాన కోటు, గాయాలకు వేసే పట్టీలు, ఒక చెత్త సంచి.
- మార్చుకోవడానికి చిన్న వస్తువులు.

చివరిదాని గురించి కొంచెం చెప్పాలి. పెద్ద డబ్బాల్లో ఏదైనా తీసుకుంటే, దానికి సమానమైనదో అంతకన్నా మంచిదో పెట్టాలి. తినేవి, కత్తులు, మందులు, మద్యం పెట్టకూడదు. వాసన తగిలితే ఎలుకలు, ఎలుగుబంట్లు డబ్బాను కొరికేస్తాయి. మేము ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న రూపాయి బిళ్లలు పెడతాం. డబ్బా పొడిగా ఉంటే ఒక చిన్న ఏటికొప్పాక లక్క బొంగరం. దాన్ని తీసుకున్న పిల్లవాడెవరో తిప్పడం నేర్చుకున్నానని నమోదులో రాశాడు. ఆ వాక్యం మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

5. ఎవరి పని ఏది?

ఫోను ఒకరి చేతిలోనే ఉండాలి. ఇద్దరూ చెరో ఫోను చూసుకుంటూ నడిస్తే బాణాలు రెండు దిక్కులు చూపిస్తాయి, తరువాత మాటలూ అంతే.

ఫోను పట్టుకున్నవారు దారి చూస్తారు. రెండోవారు నేలను, చెట్లను, ఎదురొచ్చే మనుషులను చూస్తారు. ప్రతి డబ్బాకూ పనులు మార్చుకోండి. మా ఆయనకు ఫోను ఇచ్చేయడం మొదట్లో చాలా కష్టమైంది. దిక్కు చూపించేవారే నాయకులన్న భావం మగవారిలో ఎందుకో గట్టిగా ఉంటుంది.

మాకు రెండు నియమాలున్నాయి. “నేను ముందే చెప్పాను” అనకూడదు. ఒకరికి డబ్బా కనిపిస్తే అరవకుండా పక్కకు వచ్చి ఊరికే నిలబడాలి. రెండోవారికి కూడా కనిపెట్టే అవకాశం ఉంటుంది. ఐదు నిమిషాల తరువాత మాత్రం చెప్పవచ్చు. “ఏమండీ, చల్లగా ఉంది, ఇంటికెళ్దామా?” అని నేను అన్నానంటే నాకు దొరికిందని మా ఆయనకు ఇప్పుడు తెలిసిపోతోంది. కొత్త గుర్తు వెతుక్కోవాలి.

6. చివరి పది మీటర్లు

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. కారణం ఒకటే: ఫోను చూపించే సున్నాను నమ్మడం.

ఆకాశం బాగా కనిపించే చోట ఫోను జీపీఎస్‌కు దాదాపు ఐదు మీటర్ల తేడా ఉంటుంది. చెట్ల కింద, గోడల పక్కన ఇంకా పెరుగుతుంది. దాచినవారి ఫోనులోనూ అంతే తేడా ఉండి ఉంటుంది. రెండూ కలిస్తే మీరు వెతకవలసింది ఒక చుక్క కాదు, పది మీటర్ల వలయం. సున్నా కోసం ముందుకు వెనక్కు నడిచేవారిని చూస్తే తేనెటీగ కుట్టినవారిలా కనిపిస్తారు.

ఇలా చేయండి:

1. ముప్పై మీటర్ల దగ్గర నడక నెమ్మదించండి. నిలబడిపోతే బాణం తడబడుతుంది.
2. పదిహేను మీటర్ల దగ్గర ఆగి తలెత్తి చూడండి. నేనైతే ఎక్కడ దాస్తాను? ఇద్దరూ చెరో జవాబు పైకి చెప్పండి. ఇంకా ఏదీ ముట్టుకోవద్దు.
3. పది మీటర్ల దగ్గర ఫోను జేబులో పెట్టేయండి. నిజంగా.
4. ముందు చెప్పిన రెండు చోట్లూ చూడండి. ఎన్నిసార్లో అక్కడే దొరుకుతుంది.
5. దొరక్కపోతే వలయాన్ని రెండు సగాలు చేసుకుని చెరో సగం వెతకండి. తరువాత సగాలు మార్చుకోండి. ఒకరి కళ్లకు కనిపించనిది రెండోవారికి కనిపిస్తుంది.
6. అప్పటికీ లేకపోతే యాప్‌లోని హింట్ తెరవండి. అది నొక్కితేగాని కనిపించదు. హింట్ చూడటం సిగ్గుపడే పని కాదు.

రెండో ఫోనును బయటికి తీయదగ్గ సందర్భం ఒక్కటే ఉంది. వలయం గందరగోళంగా ఉంటే ఇద్దరూ చెరో పక్కకు, ఇరవై ముప్పై మీటర్ల దూరం వెళ్లండి. ఒకరు ఉత్తరం నుంచి, ఒకరు తూర్పు నుంచి, బాణం చూపిన దిక్కులోనే నిటారుగా నడిచి రండి. ఇద్దరి గీతలూ ఎక్కడ ఖండించుకుంటాయో అక్కడ మొదలుపెట్టండి. ఒంటరిగా వెతికేవారికి లేని సౌకర్యం ఇది.

ఇక కళ్లకు ఏం కనిపించాలి? ఆ చోటికి అతకనిది. అడవిలో కర్రలు ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి వరసగా పడవు. మొద్దు పక్కన సమంగా పేర్చిన పుల్లలు కనిపిస్తే దాని కింద డబ్బా ఉన్నట్టే. పడిపోయిన చెట్టు బోలు, మొదలు దగ్గర వేళ్ల సందు, కదిలే రాయి, ఆకుపచ్చ రంగు పూసిన తీగకు వేలాడే డబ్బీ చూడండి. ఊళ్లో అయితే రోడ్డు పక్క ఇనుప కంచె వెనక అయస్కాంతంతో అంటించినవి, పక్కవాటికన్నా కొత్తగా మెరిసే బోల్టు. దుకాణాల పార్కింగులో దీపస్తంభం మొదట్లో ఉండే రేకు తొడుగు పైకి లేస్తుంది. ఈ సంగతి తెలియక మేము ఒక పార్కింగులో నలభై నిమిషాలు తిరిగాం.

కరెంటు పెట్టెలు, నీటి గొట్టాలు, స్క్రూ విప్పవలసినవి ముట్టుకోవద్దు. డబ్బాలను తవ్వి పాతిపెట్టడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి తవ్వే అవసరమూ ఉండదు.

7. జనం చూస్తుంటే

ఆటతో సంబంధం లేనివారి కంట పడకుండా తీయడం మర్యాద. లేకపోతే తరువాత ఎవరో తీసుకుపోతారు. జంటకు ఇక్కడ పెద్ద లాభం ఉంది. ఒకరు ఫోటో దిగుతున్నట్టు నిలబడితే రెండోవారు వెనక చేయి పెట్టి వెతకవచ్చు. బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే ఇద్దరిని ఎవరూ అనుమానించరు.

పిల్లల ఆట స్థలాలు, బడులు, వంతెనల దగ్గర తచ్చాడవద్దు. అక్కడ డబ్బా ఉందని యాప్ చెప్పినా మేము వెళ్లం. పోలీసో కాపలాదారో అడిగితే అబద్ధం చెప్పకండి. చేతులు కనిపించేలా నిలబడి, ఆట పేరు చెప్పి, యాప్ చూపిస్తామని అడిగి చూపించండి. మమ్మల్ని రెండుసార్లు అడిగారు. రెండోసారి అడిగినాయన తనూ కాసేపు వెతికాడు.

8. దొరికాక

తీసే ముందు అది ఉన్నచోటును ఒక ఫోటో తీయండి. తిరిగి పెట్టేటప్పుడు ఎటు తిప్పి ఉందో ఎవరికీ గుర్తుండదు.

- కాగితం మీద తేదీ, పేరు రాయండి. రాయకపోతే దొరికినట్టు లెక్క కాదు.
- మార్పిడి చేయాలనుకుంటే చేయండి. లేకపోతే రాసి మూసేయండి.
- మూత అంచున మట్టి, ఆకు ముక్క లేకుండా తుడవండి. డబ్బాలోకి నీరు చేరేది ఆ సందులోంచే.
- ఉన్నచోటే, ఉన్నట్టే కప్పి పెట్టండి. ఇంకా బాగా దాద్దామని వేరే చోటికి మార్చవద్దు. తరువాతివారికి నీలం ముఖం వస్తుంది.

లోహపు బిళ్లతో, దానిపై చెక్కిన సంకేత సంఖ్యతో ఒక వస్తువు కనిపిస్తే అది బహుమతి కాదు. దాన్ని ట్రావెల్ బగ్ అంటారు. డబ్బా నుంచి డబ్బాకు ప్రయాణించడం దాని పని. తీసుకుంటే కొద్ది వారాల్లో వేరే డబ్బాలో పెట్టి యాప్‌లో రాయాలి. అంత త్వరగా మళ్లీ వెళ్లలేమనుకుంటే అక్కడే ఉంచండి. ఆ సంఖ్యను ఫోటోల్లో బయటపెట్టవద్దు.

నమోదు ఆ రోజే చేయండి. దొరక్కపోయినా రాయండి. మీ నీలం ముఖం చూసే దాచినవారు వెళ్లి సరిచూస్తారు. ఎక్కడ దొరికిందో మాత్రం రాయవద్దు.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

అంకెలు వేరే పద్ధతిలో కొట్టడం. ఈ ఆటలో స్థానం డిగ్రీలు, నిమిషాల దశాంశాల్లో ఉంటుంది. 47 డిగ్రీల 36.5 నిమిషాలు అంటే 47.365 కాదు. 36.5ను అరవైతో భాగించాలి, 47.608 వస్తుంది. మా ఆయన ఒక మిస్టరీ డబ్బాకు మొదటి విధంగా కొట్టారు. తేడా దాదాపు 27 కిలోమీటర్లు. మేము వెళ్లింది ఎవరిదో గుర్రాల పాక దగ్గరికి.

కారు దిగగానే బాణాన్ని నమ్మడం. బాణం తిన్నగా చూపిస్తుంది. మధ్యలో వాగు ఉండవచ్చు. ముందు మ్యాపులో కాలిబాట చూడండి. చాలా డబ్బాల వివరాల్లో ఎక్కడ కారు నిలపాలో వేరే గుర్తు ఉంటుంది. బాట వదిలి దూరవలసి వస్తే మీరు తప్పు వైపు నుంచి వచ్చారన్నమాట.

కారులో సంచులు కనిపించేలా వదలడం. కాలిబాటల దగ్గరి పార్కింగుల్లో అద్దాలు పగలగొట్టడం ఇక్కడ అరుదు కాదు. అక్కడికి చేరాక డిక్కీలో సర్దడం కూడా తప్పే, చూసేవారు చూస్తారు. ఇంటి దగ్గరే సర్దండి.

మొదటి డబ్బా దొరకలేదని రోజంతా దానికే అంకితం చేయడం. ఇరవై నిమిషాల హద్దు గుర్తుందా?

ఒకరి ఉత్సాహానికి రెండోవారు తోడు వెళ్లడం. దీనికి యాప్‌లో మందు లేదు. డబ్బాలు ఒకరు ఎంచుకుంటే భోజనం చేసే చోటు రెండోవారు ఎంచుకోవాలి. మా ఇంట్లో ఇదే సంధి.

10. రెండు నమూనా రోజులు

ఊళ్లో పూట: ఫ్రీమాంట్. సియాటిల్‌లోని ఈ పేటలో జియోకాషింగ్ ప్రధాన కార్యాలయం ఉంది. లోపల అధికారిక డబ్బా ఉంటుంది. సందర్శన వేళలు, ముందస్తు నమోదు వెబ్‌సైటులో చూసుకుని వెళ్లాలి. అక్కడి నుంచి నడకలోనే అరోరా వంతెన కింద కారును పట్టుకుని కూర్చున్న పద్దెనిమిది అడుగుల కాంక్రీటు భూతం. తరువాత బర్క్ గిల్‌మన్ బాట పట్టి తూర్పుకు నడిస్తే గ్యాస్ వర్క్స్ పార్కు, ఎదురుగా సరస్సు. పులిహోర డబ్బా తెరవాల్సింది అక్కడే. ఆదివారం సంత వల్ల కారుకు చోటు దొరకదు; శనివారం వెళ్లండి, లేదా బస్సెక్కండి.

కొండల్లో రోజు: స్నోక్వాల్మీ సొరంగం. ఐ-90 హైవే మీద 54వ ఎగ్జిట్ దిగితే హయాక్ అనే చోటు. పాత రైలుదారి ఇప్పుడు కాలిబాట. దానిలోని సొరంగం పొడవు 2.3 మైళ్లు. పడమటి ముఖద్వారం దాటాక టన్నెల్ ఆఫ్ లైట్ అనే ప్రసిద్ధ డబ్బా ఉంది. దాని కోసం దేశదేశాల నుంచి వస్తారు.

సొరంగమే రానుపోను 4.6 మైళ్లు, అటూ ఇటూ నడక కలిస్తే పూట పడుతుంది. వేసవిలోనూ లోపల చలి, పైనుంచి నీటి చుక్కలు. తలకు కట్టుకునే దీపాలు రెండు, అదనపు బ్యాటరీలు తప్పనిసరి. ఫోను టార్చితో సరిపెట్టుకుంటామన్నవారిని వెనక్కు పంపండి. లోపల జీపీఎస్ పనిచేయదు. బయటికి వచ్చాక ఫోనుకు ఒకటి రెండు నిమిషాలు ఊపిరి తీసుకోనివ్వండి. సొరంగాన్ని సాధారణంగా నవంబరు నుంచి మే దాకా మూసేస్తారు. తెరిచి ఉందో లేదో ఆ వారమే చూసుకోండి.

సొరంగం మధ్యలో ఒక్క నిమిషం దీపాలు రెండూ ఆర్పి చూడండి. దీనికి డబ్బాతో సంబంధం లేదు.

11. అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఇండియా వెళ్లినప్పుడు

వేసవికి వచ్చే పెద్దవాళ్లకు ఇంట్లో తోచదు. టెరైన్ ఒకటి, ఒకటిన్నర ఉన్న పార్కు డబ్బాలు వారికోసం అట్టేపెట్టండి. మా అత్తయ్యగారు మొదటిసారి వచ్చి, “పరాయి సొమ్ము మనకెందుకమ్మా” అంటూ డబ్బా ముట్టుకోలేదు. రెండో వారానికి మాకన్నా ముందు వాకిట్లో నిలబడ్డారు.

ఇండియాలో డబ్బాలు ఇంత దట్టంగా ఉండవు. వెళ్లే ముందే మ్యాపు చూసుకుని, చివరి నమోదు ఎప్పటిదో చదవండి. కోటల్లో, గుళ్లలో రాళ్ల సందులు కెలకవద్దు. సైనిక స్థావరాలు, విమానాశ్రయాలు, ఆనకట్టల దగ్గర ఫోను పట్టుకుని తచ్చాడవద్దు. శాటిలైటు ద్వారా సందేశాలు పంపే చేతి పరికరం ఇక్కడ కొండల్లో వాడుతుంటే దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లండి. అనుమతి లేకుండా ఇండియాలో అది చట్టవిరుద్ధం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

12. మీ సొంత డబ్బా దాచాలనుకుంటే

ఓ యాభై డబ్బాలన్నా చూశాక దాచండి. అప్పటికి ఏ డబ్బా తడుస్తుందో, ఏది తడవదో తెలుస్తుంది.

- స్థలం ఎవరిదో తెలుసుకుని అనుమతి అడగండి.
- మరో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి.
- స్థానాన్ని ఒక్కరోజు కాదు, వేర్వేరు రోజుల్లో మూడు నాలుగుసార్లు కొలిచి సగటు తీయండి. నిమిషాల్లో మూడో దశాంశ స్థానం ఒక్క అంకె మారితే అక్షాంశంలో 1.85 మీటర్లు మారుతుంది.
- రబ్బరు పట్టీ ఉన్న, నాలుగు వైపులా బిగిసే మూత వాడండి. ఆవకాయ సీసా పనికిరాదు. గాజు పగులుతుంది, వాసన ఎప్పటికీ పోదు.
- విహారానికి వెళ్లిన ఊళ్లో దాచవద్దు. కాగితం నిండినా, మూత విరిగినా వెళ్లి చూసుకోవలసింది మీరే.

ఆ చివరి షరతు వల్లే మేము రెండేళ్లు ఆగాం. మా డబ్బా ఇప్పుడు ఇంటికి ఇరవై నిమిషాల నడకలో, పడిపోయిన ఒక దేవదారు బోలులో ఉంది. రెండు నెలలు ఇండియా వెళితే పక్కింటివారు చూస్తారు. ఏటా అక్టోబరులో వానలు పడకముందే వెళ్లి కాగితం మార్చి వస్తాం. పాత కాగితాలు పారేయం.